చెరువు నిండితే చాలా? నీటిమట్టంపై అపోహలు - వాస్తవాలు

తిరుపతి చుట్టుపక్కల చెరువుల్లో నీళ్లు పరీక్షించడం నా పని. కట్ట మీద కలిసే పెద్దవాళ్ల దగ్గర నేను నేర్చుకున్నది చాలా ఉంది. కానీ నీటిమట్టం గురించి జనంలో పాతుకుపోయిన కొన్ని నమ్మకాలు చెరువుకే చేటు చేస్తున్నాయి.

అపోహ: ఏడాది పొడవునా నిండుగా ఉంటేనే చెరువు బాగున్నట్టు.

వాస్తవం: మన చెరువుల తీరు అది కాదు. అక్టోబరు, నవంబరు వానలకు నిండుతాయి. తూము తీశాక మెల్లగా దిగుతాయి. మే నాటికి తూము ముందర ఒక మడుగు మిగులుతుంది. నీళ్లు దిగేకొద్దీ అంచున బయటపడే తడి బురదలోనే పురుగులు, నత్తలు ఉంటాయి. ఉల్లంకి పిట్టలు, కొంగలు దిగేది అక్కడే. ఆ తర్వాత అదే నేల మీద గడ్డి మొలుస్తుంది, గొర్రెలు మేస్తాయి. మళ్లీ వానలకు ఆ గడ్డి మునిగితే చేపపిల్లలు అందులో దాక్కుంటాయి. ఎండిన బురదకు గాలి తగిలి, అడుగున పేరుకున్న ఆకూ అలమూ చివికిపోతాయి. మట్టం కదలకుండా నిలిస్తే ఇవన్నీ ఆగిపోయి, జమ్ము, గుర్రపుడెక్క అల్లుకుంటాయి. ఊరి మురుగు చేరే చెరువు ఎండాకాలంలోనూ నిండుగా కనిపిస్తుంది. దాన్ని చూసి సంబరపడేవాళ్లను చూస్తే నాకు చాలా బాధ.

అపోహ: కొత్త నీళ్లు రాగానే చెరువు శుభ్రపడుతుంది.

వాస్తవం: తొలివాన నీళ్లే చాలాసార్లు ఎక్కువ మురికి. ఎండిన అడుగు తడవగానే అందులోని నత్రజని, భాస్వరం ఒక్కసారిగా నీటిలోకి వస్తాయి. పైనుంచి ఎరువులు, పేడ కొట్టుకొస్తాయి. పది రోజులకు నీళ్లు పచ్చగా మారితే ఆశ్చర్యం లేదు. చెరువు మొరవ పోయాకే, అంటే నిండి అలుగు మీదుగా పొర్లాకే, ఆ మురికిలో కొంత బయటికి వెళ్తుంది. అలాగని మట్టం ఎంత పెరిగితే అంత మేలనీ కాదు. 2021 నవంబరు వరదల్లో తిరుపతి దగ్గరి రాయలచెరువు కట్టకు లీకేజీ వచ్చి, దిగువ ఊళ్లు ఖాళీ చేయించాల్సి వచ్చింది.

అపోహ: చేపలు చచ్చి తేలాయంటే ఎవరో మందు కలిపారు.

వాస్తవం: ఎప్పుడైనా అది నిజం కావచ్చు. కానీ ఎండాకాలంలో ముందు అనుమానించాల్సింది ఆక్సిజన్‌ను. 25 డిగ్రీల వేడి ఉన్న నీళ్లు లీటరుకు సుమారు 8 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకోగలవు, 35 డిగ్రీలకు అది 7 దగ్గరికి పడిపోతుంది. మడుగు చిన్నదైతే చేపలన్నీ అందులోనే ఇరుక్కుంటాయి. పగలంతా ఆక్సిజన్ ఇచ్చిన నాచు రాత్రి తానే దాన్ని వాడుకుంటుంది. అందుకే చేపలు తెల్లవారుజామున చస్తాయి. పది గంటలకు వెళ్లి కొలిస్తే అంతా బాగున్నట్టే ఉంటుంది. నేను అందుకే సూర్యోదయానికి ముందే ఆక్సిజన్ కొలిచే మీటరు నీళ్లలోకి దింపుతాను.

అపోహ: పక్షులకు ఎక్కడో ఒకచోట నీళ్లుంటే చాలు.

వాస్తవం: ఎంత లోతు, ఎన్నాళ్లు అన్నదే ముఖ్యం. పులికాట్ సరస్సులో ఫ్లెమింగోలు నిలబడి మేసేది పల్చటి నీళ్లలో, లోతు పెరిగితే వాటికి తిండి అందదు. నేలపట్టు పక్షుల కేంద్రంలో గూడబాతులు (పెలికాన్లు) నీళ్లలో నిలిచిన కడప అనే చెట్ల మీద గూళ్లు కడతాయి. కింద నీళ్లుంటేనే నక్కలు, కుక్కలు చెట్ల దాకా రాలేవు. పిల్లలకు రెక్కలు రాకముందే చెరువు ఎండితే, గూట్లోంచి జారి పడ్డ పిల్ల వాటి నోటికి చిక్కుతుంది.