ఇగో, ఇప్పుడొస్తది

మా అక్క కొడుకు పదో తరగతి. హనుమకొండలో వాళ్లింటికి ఎప్పుడు పోయినా ఇయర్‌ఫోన్ ఒకటి తీసి నా చెవిలో పెడతాడు. పాట సగానికి రాగానే వేలు పైకెత్తి, "మామా, ఇగో, ఇప్పుడొస్తది" అంటాడు. దరువు అర క్షణం ఆగి మళ్లీ అందుకుంటుంది. వాడి ముంజేతి మీద వెంట్రుకలు నిక్కబొడుచుకోవడం నాకు కనిపిస్తుంది.

వేలు లేచిన ఆ క్షణం గురించి 2011లో కెనడాలోని మాంట్రియల్ పరిశోధకులు చక్కని సంగతి బయటపెట్టారు. ఒళ్లు జలదరింపజేసే పాటలు మీరే తెచ్చుకోండని కొందరికి చెప్పి, అవి వింటుండగా మెదడును స్కాన్ చేశారు. ఇష్టమైన తిండికి విడుదలయ్యే డోపమైన్ అనే రసాయనం పాటకూ విడుదలైంది. అదీ రెండు చోట్ల. అసలు ఘట్టం కోసం ఎదురుచూస్తున్నప్పుడు ఒక భాగంలో, అది వచ్చాక మరో భాగంలో. ఏది ఎప్పుడొస్తుందో తెలిసినవాడికే ఆ ఎదురుచూపు రుచి. ఒకే పాట ఇరవైసార్లు వింటున్నాడని మా అక్క బాధ. నాకైతే అందులో తప్పేమీ కనబడదు.

పైగా అక్కా అంతే. వంట చేస్తూ తను పాడుకునేవన్నీ ఆ వయసులో విన్నవే, ఒక్క చరణం తప్పిపోదు. పెద్దయ్యాక వెనక్కి తిరిగి చూస్తే, పదేళ్లకూ ముప్పైకీ మధ్య జ్ఞాపకాలే గుట్టగా పోగుపడి ఉంటాయని మనస్తత్వ శాస్త్రం చెబుతోంది. ముందువెనకలు తూచే మెదడు ముందుభాగం పాతికేళ్ల దాకా ఎదుగుతూనే ఉంటుంది. సంతోషాన్ని పట్టుకునే భాగాలు అంతకు ముందే జోరుమీద ఉంటాయి. అందుకే పద్నాలుగేళ్లకు నచ్చిన పాటగాడు ఉత్త పాటగాడు కాదు, ప్రాణం.

ఆ ప్రాణం ఎటు మొగ్గుతుందనేది దోస్తుల మీద కూడా ఆధారపడుతుంది. 2010లో అమెరికాలో 12 నుంచి 17 ఏళ్ల పిల్లలకు కొత్త పాటలు వినిపించి మార్కులు వేయమన్నారు. ఒక్కో పాట ఎంతమందికి నచ్చిందో చూపించాక చాలామంది మార్కులు మార్చారు. అలా ఎక్కువగా మార్చినవాళ్లలో ఆందోళనతో ముడిపడిన మెదడు భాగాలు ఎక్కువగా పనిచేశాయి. ఒంటరినైపోతానేమో అన్న గుబులు కావచ్చు. ఈ వయసు పిల్లల్ని "మంది వెంట పోతున్నావు" అని తిట్టేముందు ఆ గుబులును గుర్తుచేసుకోవాలి.

నేను ఇంటర్ చదివే రోజుల్లో సినీ సంగీత దర్శకుడు చక్రి పాటలు ఊళ్లన్నీ చుట్టేశాయి. ఆయనది మన దిక్కే, మానుకోట (మహబూబాబాద్) పక్క కంబాలపల్లి అని తెలిసిన రోజు మా గదిలో ఎవరికీ నిద్ర పట్టలేదు. తమలాంటివాళ్లు చేయగా చూస్తే "మనమూ చేయగలం" అన్న నమ్మకం గట్టిపడుతుందని మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బందూరా చెప్పిన మాట చాలా ఏళ్లకు చదివాను. ఆ రాత్రి మాకు జరిగింది అదే.

మొన్న బతుకమ్మకు మావాడు ఫోన్ జేబులో పెట్టేసి, డప్పు కాపుతున్న పెద్దాయన పక్కన కూర్చున్నాడు. వేడికి తోలులో తేమ ఆరిపోయి బిగుసుకుంటుంది, శబ్దం పైకి లేస్తుంది. పెద్దాయన వేలితో మీటి చెవి దగ్గర పెట్టుకుని, "ఇంకింత కాగాలె బిడ్డా" అన్నాడు. తర్వాత కుడిచేతికి చిర్ర అనే పొట్టి కర్ర, ఎడమచేతికి సిటికెన పుల్ల అనే సన్నటి పుల్ల ఇచ్చాడు. మొదటి దెబ్బ అంచుకు తగిలింది. రాత్రయ్యేసరికి మూడు దెబ్బల వరుస ఒకటి కుదిరింది.

వాద్యం ఎరగనివాళ్లకు అయిదు రోజులపాటు పియానో మీద ఒక బాణీ నేర్పి చూసిన పరిశోధన ఒకటుంది. తర్వాత ఊరికే కూర్చుని ఆ బాణీ విన్నా, చేతుల కదలికకు సిద్ధంచేసే మెదడు భాగం మేల్కొంది. నేర్చుకోని బాణీకి అంతగా స్పందించలేదు. మావాడు ఇప్పుడూ ఇయర్‌ఫోన్ నా చెవిలో పెడతాడు. కానీ దరువు వచ్చేచోట వేలెత్తడం లేదు. ఎడమచేతి చిటికెన వేలు వాడి మోకాలి మీద తనంతట తాను ఆడుతోంది.