నూనెలో పిండి బారులు తీరిన కథ

బేగంబజారులో కొన్న కార్న్‌ఫ్లోర్‌ను వంటనూనెలో జారుగా కలిపి, చెంచాతో సన్నని ధారగా వదులుతూ, జుట్టుకు రుద్దిన ప్లాస్టిక్ స్కేలును దగ్గరకు తెస్తే, ధార స్కేలు వైపు వంగి, చిక్కబడి, ఒక్క క్షణం ఆగినట్లుంటుంది. హైదరాబాద్‌లో ఈ ప్రయోగం ఏప్రిల్ ఎండల్లో కుదిరినట్లు జూలై ముసురులో కుదరదు. తడిగాలికి స్కేలు మీద విద్యుదావేశం నిలవదు. విద్యుత్ క్షేత్రంలో చిక్కబడే ఇలాంటి ద్రవాల శాస్త్రం చరిత్రలోనూ చాలాకాలం పేచీ పెట్టింది తేమే.

నీటిలోని బంకమట్టి రేణువులు విద్యుత్ ప్రభావంతో కదులుతాయని 1807లో మాస్కోలో రాయిస్ అనే శాస్త్రవేత్త గమనించాడు. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ వంటి ప్రయోగశాలల్లో డీఎన్‌ఏ ముక్కలను జెల్‌లో వేరుచేసే పద్ధతి ఆ కోవలోదే. అయితే అక్కడ కదిలేవి ఆవేశం ఉన్నవి. ఆవేశం లేని రేణువులు సైతం బారులు తీరడం వేరే సంగతి.

దాన్ని బయటపెట్టినవాడు అమెరికన్ ఇంజనీరు విల్లిస్ విన్స్‌లో. 1947లో పేటెంటు పొంది, 1949లో పరిశోధనా పత్రం ప్రచురించాడు. నూనెలో సిలికా జెల్ వంటి పొడి కలిపి, మిల్లీమీటరుకు సుమారు 3000 వోల్టుల క్షేత్రం పెడితే, ప్రతి రేణువుకూ ఒక కొస ధనంగా, మరో కొస రుణంగా మారుతుంది. ఒకదాని ధన కొస పక్కదాని రుణ కొసను లాగడంతో, గుచ్చిన పూసల్లా ఎలక్ట్రోడు నుంచి ఎలక్ట్రోడు దాకా దండలు ఏర్పడి, ద్రవం మిల్లీసెకన్లలో గట్టిపడుతుంది. విద్యుత్ ఆపితే మళ్లీ జారుతుంది. వాహనాల క్లచ్చులకు ఇంతకన్నా ఏం కావాలని అప్పట్లో అనిపించడంలో వింత లేదు.

చిక్కల్లా ఆ పొడులు కాస్త నీటిని పీల్చుకుని ఉంటేనే పనిచేయడం. వేడికి నీరు ఆరితే పట్టు సడలేది, ఎక్కువైతే కరెంటు కారిపోయేది. నీటితో పనిలేని పదార్థాలు 1980ల్లో గానీ రాలేదు. 2003లో హాంకాంగ్ పరిశోధకులు యూరియా పూత పూసిన నానో రేణువులతో 100 కిలోపాస్కల్స్‌కు (ఒత్తిడిని కొలిచే ప్రమాణం) పైబడిన పట్టు సాధించారు. అంతకుముందు సాధారణంగా దొరికింది కొన్ని కిలోపాస్కల్సే. రేణువులు అడుగున పేరుకోవడం మాత్రం తప్పలేదు.

ఈలోగా, 1948లోనే అమెరికన్ ఇంజనీరు జేకబ్ రాబినో నూనెలో ఇనుప పొడిని అయస్కాంతంతో బారులు తీర్చాడు. 2002లో కార్ల షాక్ అబ్జార్బర్లలోకి ఎక్కింది ఆ ద్రవమే. దానికి వేల వోల్టులు అక్కర్లేదు, తేమతో అంత పేచీ లేదు.