నీలి చారల టక్కరి

పిల్లలూ,

చేపల్లో కూడా మోసగాళ్లు ఉంటారా అని అడిగారు కదా. ఎందుకుండరూ, నాకు బాగా నచ్చిన ఒక టక్కరి గురించి చెప్తాను వినండి. పేరు బ్లూస్ట్రైప్డ్ ఫాంగ్‌బ్లెన్నీ. ఎంత పెరిగినా 12 సెంటీమీటర్లే. ఎర్ర సముద్రం, మాల్దీవుల నుంచి ఆస్ట్రేలియా గ్రేట్ బ్యారియర్ రీఫ్ దాకా పగడపు దిబ్బల్లో తిరుగుతుంది.

దీని బండారం తెలియాలంటే ముందు క్లీనర్ రాస్ అనే ఇంకో చేప సంగతి తెలియాలి. అది దిబ్బ మీద ఒకచోట కొట్టు పెట్టుకున్నట్టు ఉంటుంది, పెద్ద పెద్ద చేపలు వచ్చి నోరు తెరిచి, మొప్పలు విప్పి కదలకుండా నిలబడితే వాటి ఒంటికి పట్టిన పురుగుల్ని ఏరుకుని తింటుంది. దీనికి కడుపు నిండుతుంది, వాటికి పీడ వదులుతుంది. ఈ రాస్ పిల్లలు నల్లగా, పొడవునా మెరిసే నీలం గీతతో ఉంటాయి. మన టక్కరి అచ్చం ఆ వేషమే వేస్తుంది! పాపం, పెద్ద చేప నమ్మి దగ్గరికి రానిస్తుంది. ఇది చటుక్కున కొరికి, కాస్త చర్మమో పొలుసో జిగురో నోట కరుచుకుని ఉడాయిస్తుంది. పోయి ఏ పురుగో వదిలేసిన సన్నటి గొట్టంలో తోకవైపు నుంచి దూరి, తల మాత్రం బయటపెట్టి ఏమీ ఎరగనట్టు చూస్తుంటుంది. డైవింగ్‌కి వెళ్లినవాళ్లని కూడా కొరుకుతుంది, అంత పొగరు.

ఈ వేషం అస్తమానం ఉండదు, అదీ దీని గడుసుతనం. అసలు క్లీనర్ పిల్ల దగ్గర్లో ఉంటేనే నలుపూ నీలం, లేకపోతే గోధుమరంగులోకో నారింజలోకో మారి వేరే చేపల మధ్య కలిసిపోతుంది. కరెన్ చెనీ అనే శాస్త్రవేత్త బృందం 2008లో దీన్ని పరీక్షించి మరీ రాసింది. ఇంకోటి, నకిలీలు తక్కువగా ఉన్నంతసేపే ఈ ఆట సాగుతుంది. ఎక్కువైతే దెబ్బతిన్న చేపలు జాగ్రత్తపడతాయి, దీనికి తిండి దొరకడం కష్టమవుతుంది.

కింది దవడలో రెండు పొడవాటి కోరలున్నాయి కానీ తిండికి వాటిని వాడదు, ముందున్న చిన్న పళ్లే చాలు. కోరలు ఆత్మరక్షణకి. వాటిలో విషం లేదు. దాని దాయాది మెయాకాంథస్ అనే చేపకి మాత్రం ఉంది, అందులో బీపీ పడగొట్టే పదార్థాలు, మార్ఫిన్ అనే నొప్పి తగ్గించే మందు తరహా పదార్థం కూడా ఉన్నాయని 2017లో తేల్చారు. దాన్ని నోట్లో వేసుకున్న పెద్ద చేప ఒణికిపోయి ఉమ్మేస్తుంది, అది హాయిగా ఈదుకుంటూ పోతుంది.

ఈసారి సముద్రం వీడియోలు చూసేటప్పుడు నోరు గమనించండి. రాస్ నోరు మూతి చివరే ఉంటుంది, టక్కరిది కిందికి ఉంటుంది. రాస్ పక్క రెక్కలు ఆడిస్తూ ఈదుతుంది, ఇదేమో ఒళ్లంతా మెలికలు తిప్పుతూ పోతుంది.

మీ
తాతయ్య