వెనక చతికిలబడితే పట్టు దొరికినట్టేనా? డ్రాగ్ రేసు సస్పెన్షన్ మీద అపోహలు - వాస్తవాలు

డల్లాస్‌కి దక్షిణంగా, ఎన్నిస్ ఊరి దగ్గర టెక్సస్ మోటార్‌ప్లెక్స్ ఉంది. 1986లో కట్టిన పావు మైలు డ్రాగ్ స్ట్రిప్, అంటే నిలబడ్డ చోటినుంచి తిన్నగా పరుగెత్తే కారు పందేల ట్రాకు. ట్రాకంతా కాంక్రీటే. ఆ చుట్టుపక్కలే ఒక చిన్న షాపులో నేను సస్పెన్షన్ పని చేస్తాను. నాకూ ఒక 1990 ఫోర్డ్ మస్టాంగ్ కారు ఉంది. ఐదు లీటర్ల వీ8. వారమంతా పిల్లల్ని స్కూల్లో దింపుతుంది, వీలున్న శనివారం స్ట్రిప్ ఎక్కుతుంది.

ఈమధ్య ఇక్కడికి చదువుకోడానికి వచ్చిన మన కుర్రాళ్లు కూడా పాత మస్టాంగులు, షెవర్లే కమారోలు కొనుక్కుని షాపుకి వస్తున్నారు. వచ్చేటప్పుడే సగం వైద్యం వాళ్లే రాసుకుని తెస్తారు. "అన్నా, వెనక మెత్తని స్ప్రింగులు వెయ్యి, లాంచ్‌లో బాగా కూర్చోవాలి" అంటారు. (లాంచ్ అంటే గీత దగ్గరినుంచి కారు దూకే క్షణం.) అక్కడినుంచే మొదలుపెడతాను.

అపోహ: వెనక ఎంత చతికిలబడితే టైర్ల మీదికి అంత బరువు వస్తుంది.

ఫొటోలో బ్రహ్మాండంగా ఉంటుంది, ఒప్పుకుంటాను. కానీ ఎంత బరువు వెనక్కి మారాలో తేల్చేవి నాలుగే: కారు బరువు ఎంత, అది ఎంత గట్టిగా ముందుకి దూకుతోంది, దాని బరువు కేంద్రం నేలకి ఎంత ఎత్తులో ఉంది, ముందు చక్రానికి వెనక చక్రానికి మధ్య దూరం ఎంత. ఈ లెక్కలో స్ప్రింగు లేదు. నా కారు నాతో కలిపి 1500 కిలోలు, బరువు కేంద్రం 20 అంగుళాల ఎత్తు, చక్రాల మధ్య దూరం 100 అంగుళాలు అనుకుందాం. 1 జీ త్వరణంతో (పైనుంచి వదిలిన వస్తువు కిందికి పడే త్వరణం అది) దూకితే 1500లో ఐదో వంతు, అంటే 300 కిలోలు ముందు నుంచి వెనక్కి వస్తాయి. మెత్తని స్ప్రింగు వేసినా 300, స్ప్రింగు తీసేసి ఇనప ముక్క వెల్డింగ్ చేసినా 300. మూతి లేచి బరువు కేంద్రం ఒక అంగుళం పైకి పోతే ఇంకో 15 కిలోలు కలుస్తాయి. అంతకు మించి ఏమీ లేదు.

మరి సస్పెన్షన్ పనేంటి? ఆ బరువు టైరు మీదికి ఎంత త్వరగా చేరాలి, చేరాక ఎంత నిలకడగా ఉండాలి అన్నది చూసుకోవడం.

ఊళ్లో బురదలో దిగబడ్డ ట్రక్కుని ట్రాక్టర్ లాగుతుంటే చూసే ఉంటారు. వెనక చక్రాలు కదలక మొరాయిస్తే ట్రాక్టర్ మూతి గాల్లోకి లేస్తుంది. చక్రాన్ని ముందుకి తిప్పే బలం ఎంతో, ఇరుసు హౌసింగ్‌ని వెనక్కి తిప్పే బలం కూడా అంతే. ట్రాక్టర్‌లో ఇరుసు, బాడీ ఒకటే ముద్ద కాబట్టి మొత్తం లేస్తుంది. మస్టాంగ్‌లో ఆ ఇరుసుని నాలుగు కంట్రోల్ ఆర్మ్‌లు పట్టుకుని ఉంటాయి. ఇరుసు వెనక్కి తిరగబోతే కింది రెండూ బాడీని ముందుకి తోస్తాయి, పై రెండూ వెనక్కి లాగుతాయి. ఆర్మ్‌లు వాలుగా ఉంటాయి కనక ఆ బలంలో కొంత బాడీని పైకి ఎత్తుతుంది. బాడీని పైకి ఎత్తిన బలమే టైరుని నేలకి నొక్కుతుంది. దీన్నే యాంటీ స్క్వాట్ అంటాం. అది 100 శాతం ఉంటే వెనక భాగం కూర్చోదు, లేవదు. అంతకన్నా ఎక్కువైతే లాంచ్‌లో వెనక భాగం లేస్తుంది. బాగా పట్టే కార్లు చాలావాటిలో వెనక కాస్త లేవడమే చూస్తాను.

పక్కనుంచి చూస్తూ పై ఆర్మ్, కింది ఆర్మ్ గీతల్ని ముందుకి పొడిగించండి. అవి కలిసే చోటే ఇన్‌స్టంట్ సెంటర్. అది వెనక ఇరుసుకి దగ్గరగా ఉంటే టైరు మీద దెబ్బ ఠపీమని పడుతుంది, దూరంగా ఉంటే మెల్లగా పడుతుంది. అందం కోసం కారుని రెండంగుళాలు కిందికి దించినవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. బాడీ దిగితే కింది ఆర్మ్ వాలు పోతుంది, ఎత్తే బలం తగ్గుతుంది. ఇరుసు దగ్గర ఆ ఆర్మ్‌ని కిందికి బిగించే బ్రాకెట్లు దొరుకుతాయి. నా కారుకి స్ప్రింగులకంటే ముందు అవే వేశాను.

అలాగని ఎంత ఎత్తితే అంత మంచిదనుకోవద్దు. బాడీ లేచి లేచి షాక్ అబ్జార్బర్ కొస దాకా సాగిపోతే నొక్కే బలం అక్కడితో సరి, టైరు ఒక్కసారిగా తేలికైపోతుంది. ఇది కంటికి ఆనదు. నేను షాక్ రాడ్‌కి ఒక ప్లాస్టిక్ జిప్ టై బిగించి, దాన్ని కిందికి నెట్టి, లాంచ్ మొత్తం ఫోన్‌లో పక్కనుంచి తీయిస్తాను. జిప్ టై ఎంత కూర్చుందో చెబుతుంది, వీడియో ఎంత లేచిందో చెబుతుంది. మరీ వేగంగా లేస్తోందంటే షాక్ సాగే వైపు నాబ్ రెండు క్లిక్కులు బిగిస్తాను. రెండే, ఐదు కాదు.

అపోహ: టైరు ఎగిరెగిరి పడుతోందంటే షాకులు పోయాయి.

వీల్ హాప్ వచ్చిందనగానే కొత్త షాకులు కొనిపించే మెకానిక్కులు ఉన్నారు. నిజానికి చాలాసార్లు అసలు దొంగలు కంట్రోల్ ఆర్మ్‌ల చివర్లలో ఉండే రబ్బరు బుష్షులే. రబ్బరు నలుగుతుంది, ఇరుసు కొంచెం మెలి తిరుగుతుంది, టైరు జారగానే ఆ మెలిక విడిపోతుంది, మళ్లీ పట్టు దొరికి మెలి తిరుగుతుంది. సెకనులో ఎన్నోసార్లు ఇదే తంతు. కంపెనీవాళ్లకీ ఈ తలనొప్పి కొత్త కాదు. 1967 కమారోకి వెనక ఒంటి కమాన్ పట్టీ ఇచ్చారు. హాప్ మీద ఫిర్యాదులు వచ్చాయి. 1968లో ఒక షాక్‌ని ఇరుసుకి ముందు, రెండోదాన్ని వెనక పెట్టారు. నా మస్టాంగ్‌లో మామూలు షాకులు కాక పడుకోబెట్టినట్టు ఇంకో రెండు చిన్నవి ఫోర్డే పెట్టి పంపింది, ఈ హాప్ కోసమే.

దీనికి తోడు పుట్టిన అపోహ: అన్ని బుష్షులూ తీసేసి గట్టి పాలీ (పాలీయురేథేన్) బుష్షులు వేస్తే చాలు.

ఈ తప్పు నేనే చేశాను. మస్టాంగ్‌లో పై ఆర్మ్‌లు ఏటవాలుగా, వెడల్పు నుంచి ఇరుకుకి ఉంటాయి. కారు మలుపులో ఒరిగితే వాటి బుష్షులు మెలి తిరగాలి, తప్పదు. నేను ఎనిమిది చోట్లా గట్టివి వేశాను. స్ట్రిప్ మీద అద్భుతం, హాప్ మాయం. మూడో వారం వాన పడుతుంటే హైవే దిగే మలుపులో వెనక భాగం చెప్పాపెట్టకుండా పక్కకి పోయింది. ఒరగడానికి వీల్లేక సస్పెన్షన్ బిగుసుకుపోయి, లోపలి టైరు తేలిపోయింది. రెయిలింగుకి మూరెడు దూరంలో ఆగాను. అదృష్టం, వెనక సీట్లో పిల్లలు లేరు. ఆ రాత్రే పై ఆర్మ్‌ల ఇరుసు వైపు రబ్బరు తిరిగి వేసేశాను. కింది ఆర్మ్‌లు గట్టివి, పైవాటికి ఆ చివర రబ్బరు. రోడ్డు మీద తిరిగే ఈ తరం మస్టాంగ్‌కైనా, పాత షెవర్లే షెవెల్‌కైనా ఇప్పటికీ నేను చేసేది ఇదే.

అపోహ: కుడి టైరే తిరిగిపోతోందంటే డిఫరెన్షియల్ పాడైంది.

డిఫరెన్షియల్ అంటే ఇరుసు మధ్యలో ఉండి రెండు చక్రాలకీ బలం పంచే గేర్ల పెట్టె. పాడవ్వచ్చు, కాదనను. కానీ దాన్ని విప్పేముందు ఇది ఆలోచించండి. వెనక నుంచి చూస్తే డ్రైవ్‌షాఫ్ట్ (ఇంజన్ బలాన్ని వెనక ఇరుసుకి చేర్చే పొడవాటి రాడ్డు) గడియారం ముల్లుకి ఎదురుగా తిరుగుతుంది. దాంతోపాటు ఇరుసుని కూడా అటే తిప్పబోతుంది. ఎడమ టైరు నేలకి నొక్కుకుంటుంది, కుడి టైరు తేలికవుతుంది. బాడీ మాత్రం ఎదురు దిక్కులో, కుడి వెనక మూలకి ఒరుగుతుంది. చూసేవాడికి ఆ మూల కూర్చున్నట్టు కనిపిస్తుంది, టైరు మీద మాత్రం పట్టు ఉండదు. రెండు చక్రాలనీ కలిపి తిప్పే డిఫరెన్షియల్ ఉంటే కారు లాంచ్‌లో కుడికి లాగేది అందుకే.

క్రైస్లర్ వాళ్లు తమ డ్రాగ్ కార్ల కమాన్ కట్టల్ని కుడికొకటి, ఎడమకొకటి వేరువేరుగా అమ్మేవారు. కాయిల్ స్ప్రింగు కారుకి చవక మార్గం స్ప్రింగు లోపల పెట్టే చిన్న ఎయిర్ బ్యాగ్. నా కారులో కుడి బ్యాగ్‌కి 12 పీఎస్ఐ, ఎడమ దానికి ఆకారం నిలిచేంత మాత్రమే. ఇంటికి బయల్దేరే ముందు కుడిది తగ్గిస్తాను. డబ్బు పెట్టగలిగితే బాడీ ఒరగకుండా పట్టే కడ్డీ, డ్రాగ్ యాంటీ రోల్ బార్, దీనికన్నా శుభ్రమైన పని.

అపోహ: పినియన్ యాంగిల్ అంటే రెండు డిగ్రీలు కిందికి, అంతే.

ఎవరి కారు రెండు డిగ్రీలు? డ్రైవ్‌షాఫ్ట్ వచ్చి ఇరుసులో కలిసే చోటి గేరు పినియన్. దానికీ డ్రైవ్‌షాఫ్ట్‌కీ వాలులో ఉండే తేడాయే ఈ యాంగిల్. లాంచ్‌లో ఇరుసు వెనక్కి తిరుగుతుంది కాబట్టి పినియన్ మూతి పైకి లేస్తుంది. ఎంత లేస్తుందో ముందే ఊహించి అంత కిందికి పెడతాం, పూర్తి బలం పడినప్పుడు అది డ్రైవ్‌షాఫ్ట్‌తో తిన్నగా రావాలని. బుష్షులు గట్టివైతే ఒకటి రెండు డిగ్రీలు చాలు. రబ్బరైతే మూడు నాలుగు. కమాన్ కట్టల కారైతే ఐదు ఆరు కూడా కావాలి, పట్టీలే వంగుతాయి కనక.

కొలిచేటప్పుడు కారుని జాకీ మీద వేలాడదీయకండి. బరువు టైర్ల మీద ఉండాలి, డ్రైవర్ సీట్లో మనిషో, మనిషంత బరువో ఉండాలి. ముందు డ్రైవ్‌షాఫ్ట్ మీద గేజీ పెట్టి అంకె రాసుకోండి, తర్వాత పినియన్ మీద. కావలసింది ఈ రెంటి తేడా. చాలామంది నేలతో పోల్చి రాసుకొస్తారు. అన్నట్టు, స్లిక్ టైర్లతో (గాడులు లేని నున్నటి రేసు టైర్లు) పావు మైలు టైమ్ 13.99 సెకన్లకో, అంతకన్నా తక్కువకో దిగితే, అమెరికా డ్రాగ్ రేసుల సంస్థ ఎన్‌హెచ్‌ఆర్‌ఏ నిబంధన ప్రకారం డ్రైవ్‌షాఫ్ట్ చుట్టూ ఇనప లూప్ ఉండాల్సిందే. ముందు వైపు కీలు, అదే యూ జాయింట్, తెగితే ఆ రాడ్డు నేలకి గుచ్చుకుని కారుని ఎత్తి కొడుతుంది. లూప్ వంద డాలర్ల లోపే.

అపోహ: పట్టు లేదంటే తప్పు సస్పెన్షన్‌దే.

ఒక కుర్రాడు రెండు జతల స్ప్రింగులు, ఒక జత షాకులు మార్చి విసిగి నా దగ్గరికి వచ్చాడు. నేను మొదట తీసింది గాలి గేజీ. డ్రాగ్ రేడియల్స్‌లో (రోడ్డు మీద కూడా నడిపే డ్రాగ్ టైర్లు) 32 పీఎస్ఐ! రోడ్డు మీద నడిపే గాలితోనే లాంచ్ కొడుతున్నాడు. 18కి దించాం. ఏ పార్టూ మార్చలేదు. మొదటి 60 అడుగుల టైమ్ 2.05 నుంచి 1.88కి వచ్చింది. నన్ను కౌగిలించుకుని, తర్వాత స్ప్రింగుల బిల్లు గుర్తొచ్చి కింద కూర్చుండిపోయాడు. ఆ 60 అడుగుల్లో సెకనులో పదో వంతు మిగిలితే పావు మైలు చివర ఒకటిన్నర, రెండు పదో వంతులు మిగులుతుంది. అందుకే టైమ్ రాసిన స్లిప్పు చేతికి రాగానే నేను చూసే మొదటి అంకె అదే.

గుంటూరు నుంచి మా బావమరిది ఇదంతా విని, "బావా, నా స్విఫ్ట్‌కి కూడా వెనక బ్రాకెట్లు వేయించనా?" అన్నాడు. దానికి తిప్పేవి ముందు చక్రాలు కదా. లాంచ్‌లో బరువు వెనక్కి పోవడం అతనికి శాపం. మూతి లేవకుండా ముందు షాకులు సాగే వైపు బిగించి, వెనక స్ప్రింగులు గట్టివి వేయమన్నాను. "మరి మెత్తనివి ఎవరికి?" అన్నాడు. ఫొటోలకి అన్నాను.