డిగ్రీ అవ్వగానే ఆక్వా కన్సల్టెంట్ అవుదామనుకుంటున్నారా? కొన్ని అపోహలు - వాస్తవాలు

పశ్చిమ గోదావరి జిల్లా ఉండి, కాళ్ల, ఆకివీడు రొయ్యల చెరువుల మీద తొమ్మిదేళ్లుగా తిరుగుతున్నాను. ఏటా పరీక్షలయ్యాక డిగ్రీ పిల్లలు ఫోన్ చేస్తారు. "అన్నా, రొయ్యల కన్సల్టెన్సీ మొదలుపెడదామనుకుంటున్నా" అంటారు. ఆ తర్వాత వాళ్లు చెప్పే మాటలే ఇవి.

అపోహ: చేతిలో డిగ్రీ ఉంటే బోర్డు పెట్టేయొచ్చు.

ముత్తుకూరు కాలేజీలో బీఎఫ్‌ఎస్సీ (ఫిషరీస్ డిగ్రీ) చేసినా, ఊళ్లో జువాలజీతో బీఎస్సీ చేసినా, ముందు ఒక్క పంట గట్టు మీదే ఉండండి. వనామీ రకం రొయ్య అయితే సీడ్ (రొయ్య పిల్లలు) వదిలిన రోజు నుంచి పట్టుబడి దాకా మూడు, నాలుగు నెలలు. మేత వేసే కుర్రాడితో కలిసి చెక్ ట్రే (రొయ్యలు మేత తింటున్నాయో లేదో చూసే పళ్లెం) ఎత్తండి. ట్రేలో మేత ఎందుకు మిగిలిందో అతనికి మీకన్నా ముందే తెలుస్తుంది.

అపోహ: కన్సల్టెంట్ అంటే మందులు రాసేవాడు.

నాకు చాలా బాధ కలిగించే అపోహ ఇదే. ఈహెచ్‌పీకి (రొయ్యల్ని ఎదగనివ్వని సూక్ష్మజీవి జబ్బు) మందు లేదు, వైట్ స్పాట్‌కీ (తెల్ల మచ్చల వైరస్ జబ్బు) లేదు. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ లాంటి యాంటీబయాటిక్స్ నిషేధం. వాటి అవశేషాలు దొరికితే సరుకు విదేశం నుంచి వెనక్కి వస్తుంది. ఒక రైతు 50వ రోజున పిలిచారు. రొయ్యలు చిన్నా పెద్దా కలిసి ఉన్నాయి, నీటి మీద తెల్లటి రెట్ట తేలుతోంది. అప్పటికే షాపు వాళ్లిచ్చిన మందుల చీటీ ఆయన జేబులో ఉంది. పీసీఆర్ (జబ్బు క్రిమిని పట్టే ల్యాబ్ పరీక్ష) చేయిస్తే ఈహెచ్‌పీ అని తేలింది. మేత తగ్గించాం. ఇప్పుడు కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలు) ఎంత, రేటు ఎంత, ఇంకో ఇరవై రోజులు ఉంచితే మేత ఖర్చెంత అని గట్టు మీదే కూర్చుని లెక్క వేశాం. ఆ వారమే పట్టేశారు. మందుల డబ్బులు మిగిలాయి.

మన దగ్గర చాలా చోట్ల సలహా ఉచితం, లాభం మందుల్లో. అందుకే ఫీజు అడగడానికి కొత్తవాళ్లు మొహమాటపడతారు. అడగండి. ఎకరానికి, పంటకి ఇంత అని ముందే మాట్లాడుకోండి. షాపు కమీషన్ తీసుకున్న రోజున, "ఏ మందూ వద్దండీ" అనే మాట మీ నోటి నుంచి రాదు.

అపోహ: పొద్దున పదింటికి వెళ్లి నీళ్లు చూసినా ఒకటే.

కాదు. మధ్యాహ్నం ఆక్సిజన్ లీటరు నీటికి 7 మిల్లీగ్రాములు చూపించిన చెరువులోనే తెల్లవారుజామున నాలుగున్నరకి మీటర్ దించితే 2.6 వచ్చింది. 4 కన్నా తగ్గకూడదు. రాత్రంతా నీటిలోని ప్లాంక్టన్ (సన్నటి నాచు, జీవాలు) కూడా ఆక్సిజన్ పీలుస్తుంది. పీహెచ్ మాత్రం మధ్యాహ్నం కూడా చూడాలి. అది పెరిగితే అమ్మోనియా విషం ఎక్కువవుతుంది.

అపోహ: ఒక్క పంట పోతే మన పేరు పోయినట్టే.

మొదటి ఏడాది, హేచరీ (సీడ్ తయారుచేసి అమ్మేవాళ్లు) ఇచ్చిన కాగితం నమ్మి సీడ్‌కి విడిగా పీసీఆర్ చేయించలేదు. 38వ రోజున వైట్ స్పాట్. తప్పు నాది కూడా. మర్నాడు పొద్దున్నే వెళ్లేసరికి చెరువులో బ్లీచింగ్ కొడుతున్నారు, గట్టంతా ఘాటు. "నువ్వు రావనుకున్నానయ్యా" అన్నారు ఆ చెరువు రైతు, పెద్దాయన. సీడ్ టెస్టు చేయించకపోవడం నా తప్పేనండీ అని చెప్పాను. ఆయనేమీ అనలేదు, టీ తెప్పించారు. తర్వాతి పంటకి హేచరీ నుంచి సీడ్ శాంపిల్ ల్యాబ్‌కి పట్టుకెళ్లే పని నాకే అప్పగించారు.