స్కోప్ అద్దాల మీద పూత: నూటికి నాలుగు లెక్క

తుపాకీకి బిగించని రైఫిల్ స్కోప్‌ని, అంటే దూరపు గురిని దగ్గరగా చూపే లెన్సుల గొట్టాన్ని, బల్బు కింద పట్టుకుని, ముందు లెన్స్‌లోకి కాస్త పక్కవాటుగా చూడండి. బల్బు ప్రతిబింబం ఒక్కటే కనిపించదు. చిన్నవీ పెద్దవీ, కొన్ని నిటారుగా కొన్ని తలకిందులుగా, ఒకదాని వెనక ఒకటి బారులు తీరి ఉంటాయి. లోపల అద్దానికి ఎన్ని ముఖాలుంటే అన్ని ప్రతిబింబాలు. వాటిలో ఎక్కువ భాగం మసక ఆకుపచ్చగానో ఊదాగానో ఉండి, ఒకటో రెండో మాత్రం తెల్లగా కొట్టొచ్చినట్టు మెరుస్తుంటే, ఆ ముఖాలకు పూత వేయలేదని దాదాపు ఖాయంగా చెప్పొచ్చు. పెట్టె మీద ఏం రాసుందన్నది తర్వాతి సంగతి.

గాలిలోంచి గాజులోకి వెళ్ళే కాంతి పూర్తిగా లోపలికి పోదు. కాంతిని ఎంతగా వంచుతుందో చెప్పే వక్రీభవన గుణకం మామూలు గాజుకి 1.52. ఆ లెక్కన నూటికి సుమారు 4 వంతులు ముఖం దగ్గరే వెనక్కి తిరుగుతాయి. గుణకం 1.7 ఉండే బరువైన గాజుకైతే ఈ నష్టం 6 వంతులు దాటుతుంది. కిటికీ అద్దానికి రెండే ముఖాలు కాబట్టి మనం పట్టించుకోం. స్కోప్ సంగతి వేరు. ముందు దృశ్యాన్ని పోగుచేసే లెన్సులు, తలకిందులైన బొమ్మను నిలబెట్టే లెన్సులు, చివర కంటి దగ్గరివి, అన్నీ కలిపి గాలిని తాకే ముఖాలు 16 ఉన్నాయనుకుందాం. పూత లేకపోతే ప్రతి ముఖం తనకు అందిన దాంట్లో 96 వంతులే ముందుకు పంపుతుంది. 0.96ని 16 సార్లు హెచ్చవేస్తే వచ్చేది 0.52. అంటే బయట ఉన్న వెలుతురులో సగానికి కాస్త ఎక్కువే కంటికి చేరుతుంది.

దీనికి విరుగుడు మొదట పాతబడిన అద్దాల్లో దొరికింది. గాలికి, తేమకు మసకబారిన గాజు కొత్త గాజు కంటే తక్కువ కాంతిని వెనక్కి పంపుతోందని భౌతిక శాస్త్రవేత్త లార్డ్ రేలీ 1886లో గమనించారు. ఇంగ్లండ్‌లో లెన్సులు రూపొందించే డెన్నిస్ టేలర్‌కీ ఇదే అనుభవమైంది. పాడైపోయాయనుకున్న లెన్సులు కొత్తవాటి కంటే బాగా పనిచేస్తున్నాయి. రసాయనాలతో గాజును కావాలనే అలా మార్చే పద్ధతికి ఆయన 1904లో పేటెంట్ తీసుకున్నారు గానీ, ఫలితం ఒక్కో గాజుకి ఒక్కోలా వచ్చేది. అసలు మలుపు 1935లో వచ్చింది. జర్మనీలో లెన్సులు చేసే జైస్ కంపెనీలో పనిచేసిన అలెగ్జాండర్ స్మాకులా గాలి లేని గదిలో పదార్థాన్ని ఆవిరి చేసి లెన్స్ మీద పల్చటి పొరగా పేర్చే పద్ధతికి పేటెంట్ పొందారు. జర్మనీ కొన్నేళ్ళపాటు దాన్ని సైనిక రహస్యంగా దాచింది. అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ శాస్త్రవేత్త కేథరిన్ బ్లాడ్జెట్ 1938లో సబ్బు లాంటి పదార్థపు పొరలతో దాదాపు మెరుపే లేని గాజు చేసి చూపించారు. అయితే ఆ పొర తుడిస్తే ఊడిపోయేది. చివరికి లెన్సుల మీద స్థిరపడింది మెగ్నీషియం ఫ్లోరైడ్.

ఈ పొర మందం సుమారు 100 నానోమీటర్లు. వెంట్రుకను నిలువునా ఏడెనిమిది వందల పొరలుగా చీలిస్తే అందులో ఒకటి ఎంతుంటుందో అంత. ఆకుపచ్చ కాంతి తరంగదైర్ఘ్యం 550 నానోమీటర్లు. పొర లోపల అది ఇంకా కుదించుకుపోతుంది, అందులో నాలుగో వంతు ఈ మందం. పొర పైముఖం నుంచి కొంత కాంతి, అడుగు ముఖం నుంచి కొంత కాంతి వెనక్కి వస్తాయి. రెండోది పోయి రావడంతో సరిగ్గా సగం తరంగం వెనకబడుతుంది. ఒకదాని శిఖరం మీద రెండోదాని లోయ పడి రెండూ రద్దవుతాయి. అలాగని కాంతి మాయమైపోదు. వెనక్కి రావాల్సిన శక్తి ముందుకే పోతుంది. అద్దం మీద అదనంగా ఒక పొర వేస్తే లోపలికి వెళ్ళే వెలుతురు పెరగడం మొదటిసారి విన్నప్పుడు ఎవరికైనా వింతగానే ఉంటుంది.

ఒక్క పొరతో పని పూర్తికాదు. మామూలు గాజు మీద పరావర్తనం, అంటే కాంతి వెనక్కి తిరగడం, సున్నా కావాలంటే పొర గుణకం 1.23 ఉండాలి, మెగ్నీషియం ఫ్లోరైడ్‌ది 1.38. అంత తక్కువ గుణకంతో, తుడుపుకి నిలిచే గట్టి పదార్థం దొరకదు. కాబట్టి నూటికి ఒకటిన్నర దాకా నష్టం మిగులుతుంది. పైగా ఆకుపచ్చకు సరిపోయిన మందం ఎరుపుకీ నీలానికీ సరిపోదు. ఆ రెండూ కలిసి వెనక్కి వస్తాయి కాబట్టే ఒంటి పూత లెన్స్ ఊదాగా కనిపిస్తుంది. టైటానియం డయాక్సైడ్, సిలికాన్ డయాక్సైడ్ లాంటివి ఒకదాని మీద ఒకటి పేరిస్తే నష్టం ముఖానికి అర శాతానికో అంతకంటే తక్కువకో దిగుతుంది. మన 16 ముఖాల స్కోప్‌లో ఒంటి పూతతో 78 వంతులు దాటితే, బహుళ పూతతో 92 దాటుతాయి.

ఇక పెట్టె మీది మాటలు. 'కోటెడ్' అంటే కనీసం ఒక ముఖానికి ఒక పొర ఉందని. 'ఫుల్లీ కోటెడ్' అంటే గాలిని తాకే ముఖాలన్నిటికీ ఒక్కో పొర. 'మల్టీ-కోటెడ్' అంటే కనీసం ఒక ముఖానికి పలు పొరలు. 'ఫుల్లీ మల్టీ-కోటెడ్' అంటే అన్ని ముఖాలకీ పలు పొరలు. జాగ్రత్తగా చదివితే ఇవన్నీ పూత ఎక్కడెక్కడ ఉందో చెప్పేవే. పూత ఎంత మంచిదో వీటిలో ఒక్క మాటా చెప్పదు. వోర్టెక్స్ కంపెనీ తక్కువ శ్రేణి క్రాస్‌ఫైర్ 2 మీదా ఫుల్లీ మల్టీ-కోటెడ్ అనే ఉంటుంది, పై శ్రేణి రేజర్ మీదా అదే మాట 'ఎక్స్ఆర్ ప్లస్' అనే సొంత పేరుతో కలిసి ఉంటుంది. పొరలెన్ని, ఏ పదార్థాలు, వంపు లెన్స్ అంచుల దాకా మందం సమంగా ఉందా అన్న ప్రశ్నలకు ఆ పేరులో జవాబుండదు. ఇలాంటి పేర్లను కంపెనీ తన శ్రేణుల మధ్య గీసుకున్న గీతగా చూడాలి తప్ప, ఒక కంపెనీ పేరుని మరో కంపెనీ పేరుతో పోల్చడం వృథా.

నా దృష్టిలో అంతకంటే పెద్ద పొరపాటు, పూతని వెలుతురు శాతంతోనే కొలవడం. 90కీ 92కీ తేడాని విడివిడిగా చూసే కన్ను పట్టలేదు. వెనక్కి తిరిగిన కాంతి ఏమవుతోందన్నదే ముఖ్యం. అది మరో ముఖానికి తగిలి మళ్ళీ ముందుకు తిరుగుతుంది. 16 ముఖాల్లో ఇలా రెండేసి కలిసే జంటలు 120. పూత లేని స్కోప్‌లో ఇలా దారి తప్పి తిరిగొచ్చే కాంతి, లోపలికొచ్చిన ప్రతి నూరు వంతుల్లో దాదాపు 8 దాకా ఉంటుంది. కొంత గొట్టం గోడల నల్లరంగు మింగేస్తుంది, మిగిలింది దృశ్యమంతా పల్చటి తెరలా పరుచుకుంటుంది. ముఖానికి అర శాతమే నష్టమైతే ఆ 8 కాస్తా 0.3 కంటే తక్కువవుతుంది. అంటే అసలు బొమ్మ వెలుతురు రెండింతలు కూడా పెరగలేదు, పనికిరాని కాంతి మాత్రం 30 రెట్లు తగ్గింది. పొద ముందు నిలబడ్డ గోధుమరంగు జంతువు విడిగా కనబడుతుందా, పొదలో కలిసిపోతుందా అన్నది తేల్చేది ఇదే. జూమ్ పరిధి ఎక్కువున్న స్కోపుల్లో లెన్సులు సాధారణంగా ఎక్కువ కాబట్టి వాటిలో పూత నాణ్యత మరీ కీలకం.

సంధ్యవేళ విషయంలో మాత్రం పూతకి రావాల్సిన దానికంటే ఎక్కువ పేరొచ్చింది. ముందు లెన్స్ వ్యాసాన్ని మాగ్నిఫికేషన్‌తో, అంటే బొమ్మను ఎన్ని రెట్లు పెద్దది చేస్తుందో ఆ అంకెతో, భాగిస్తే కంటికి అందే కాంతి పుంజం వెడల్పు వస్తుంది. 3-9×40 స్కోప్‌ని (3 నుంచి 9 రెట్లు, ముందు లెన్స్ 40 మిల్లీమీటర్లు) 9 మీద పెడితే అది 4.4 మిల్లీమీటర్లు, 6కి తగ్గిస్తే 6.7. చీకట్లో కనుపాప అంత విచ్చుకునే వయసులో ఉంటే, ఆ ఒక్క రింగు తిప్పుడుతో వెలుతురు రెండింతలకు పైగా పెరుగుతుంది. ఏ ఖరీదైన పూతా ఇంత లాభం ఇవ్వదు. 8×56 స్కోప్‌లో పుంజం సరిగ్గా 7 మిల్లీమీటర్లు, చీకటి వేట కోసం దాన్ని ఎంచుకునేది అందుకే. అయితే మసక వెలుతురులో కంటి సున్నితత్వం 555 నానోమీటర్ల నుంచి 507 వైపు, అంటే నీలి ఆకుపచ్చ వైపు జరుగుతుంది. పూత రూపొందించేవాళ్ళు ఆ ప్రాంతంలో నష్టం తగ్గిస్తే కొంత ఫలితం కచ్చితంగా ఉంటుంది.

కెంపులా ఎర్రగా మెరిసే లెన్సులు చూడటానికి దర్జాగా ఉంటాయి. ఎరుపు వెనక్కి వస్తోందంటే లోపలికి పోవడం లేదనేగా. దృశ్యం చల్లగా, నీలి ఛాయతో కనబడుతుంది. అలాగే బుష్‌నెల్ రెయిన్‌గార్డ్, జైస్ లోటుటెక్ లాంటివి పరావర్తనం తగ్గించే పూతలు కావు. బయటి ముఖం మీద నీటి చుక్కలు నిలవకుండా చేసే పైపొరలు. వాన, మంచు ఉన్నచోట వాటి విలువ వేరే.

రెండు స్కోపులు పోల్చాలంటే దుకాణంలో ట్యూబ్‌లైట్ కింద కాదు. రెండిటినీ ఒకే మాగ్నిఫికేషన్‌లో పెట్టి, స్టాండు మీద నిలిపి, పొద్దు వాలాక వెలుగున్న ఆకాశం పక్కనే ఉన్న చీకటి చెట్టు మొదలుని చూడాలి. సూర్యుడి వైపు ఎప్పుడూ తిప్పకూడదు. బెరడు గీతలు ఏ స్కోప్‌లో ఆలస్యంగా చెరిగిపోతాయో అదే మెరుగు.

మంచి పూతతో ఒక చిక్కుంది. వేలిముద్ర పడితే దాని మీద మామూలు గాజు మీదకంటే బాగా తెలుస్తుంది. వేలి జిడ్డు గుణకం గాజుకి దగ్గరగా ఉంటుంది, దాంతో లెక్కపెట్టి వేసిన పొరల మీద లెక్కలేని పొర ఒకటి చేరి రద్దు కావాల్సిన తరంగాలు రద్దు కావు. అలాగని చొక్కా అంచుతో రుద్దకూడదు. ఇసుక రేణువు పూతకంటే గట్టిది. ముందు ధూళి ఊదేసి, మెత్తటి బ్రష్‌తో దులిపి, ఆ తర్వాతే లెన్స్ ద్రవంతో తడిపిన గుడ్డ వాడాలి.