ఎడిటింగ్ పీసీ కొనేముందు: మా ఫీల్డ్‌లో తిరిగే అపోహలు - వాస్తవాలు

వారానికి ఒకటైనా మెసేజ్ వస్తది నాకు, "అన్నా లక్షన్నర బడ్జెట్, ఎడిటింగ్‌కి మంచి పీసీ చెప్పు" అని. అంతే, ఇంకేం ఉండదు. కెమెరా ఏది, ఏ ఫార్మాట్‌లో షూట్ చేస్తారు, నెలకి ఎన్ని పెళ్ళిళ్ళు, ఏ సాఫ్ట్‌వేర్, ఏదీ చెప్పరు. డాక్టర్ దగ్గరికి పోయి నొప్పి ఎక్కడో చెప్పకుండా మంచి మాత్ర రాయండి సార్ అన్నట్టే ఉంటది. నేను ఎడియస్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ మీద పెళ్ళి వీడియోల మిక్సింగ్‌తో మొదలుపెట్టినవాణ్ణి, ఇప్పుడు ప్రీమియర్, రిజాల్వ్ అనే సాఫ్ట్‌వేర్లు రెండింటి మీదా పని చేస్తున్నా, పెళ్ళిళ్ళతో పాటు యూట్యూబ్ ఇంటర్వ్యూలు, షార్ట్ ఫిల్మ్‌లు కూడా. అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక అయిపోయింది, అందుకే ఇక్కడ ఒకేసారి రాసేస్తున్నా.

అపోహ: పెద్ద గ్రాఫిక్స్ కార్డు పెడితే టైంలైన్ వెన్నలా నడుస్తది

కరీంనగర్ నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేసిండు, "అన్నా సికింద్రాబాద్‌ల కంప్యూటర్ మార్కెట్ సీటీసీకి పోయి లక్షా ఎనభై పెట్టి బిల్డ్ చేయించిన, ఆర్‌టీఎక్స్ 4070 గ్రాఫిక్స్ కార్డు ఏయించిన, అయినా టైంలైన్ గుంజుతుందన్నా, షాపోడు మోసం చేసిండా" అని. షాపోడి తప్పేం లేదు. టాస్క్ మేనేజర్ తెరిచి టైంలైన్ ప్లే చెయ్ అన్నా, సీపీయూ 100 దగ్గర అతుక్కుపోయింది, జీపీయూ (అంటే గ్రాఫిక్స్ కార్డు) ట్యాబ్‌లో వీడియో డీకోడ్ అని ఒక గ్రాఫ్ ఉంటది, అది మాత్రం 0 దగ్గర పడుకుని ఉంది. అంటే అరవై వేల కార్డు ఊరికే కూర్చుని చూస్తుంది, మొత్తం బరువు ప్రాసెసర్ ఒక్కటే మోస్తుంది.

కారణం ఫుటేజ్‌లో ఉంది. ఇప్పుడు పెళ్ళిళ్ళలో వాడే సోనీ బాడీలు చాలావరకు 10 బిట్ 4:2:2 లో, అంటే రంగుల సమాచారం ఎక్కువగా దాచే పద్ధతిలో రికార్డ్ చేస్తాయి, కలర్‌కి చాలా మంచిది, కాదనను. కానీ ఎన్‌విడియాలో 40 సిరీస్ వరకు ఉన్న కార్డులకి ఈ 4:2:2 ని హార్డ్‌వేర్‌లో విప్పడం రాదు. 2025లో వచ్చిన 50 సిరీస్ నుంచే వచ్చింది. అదే ఇంటెల్ ప్రాసెసర్‌లో ఉండే మామూలు గ్రాఫిక్స్, మనం గేమింగ్‌కి పనికిరాదని తీసిపారేస్తామే అది, దాన్లో వీడియో విప్పడానికి ఉండే క్విక్ సింక్ అనే భాగం 11వ జనరేషన్ నుంచే హెచ్.265 (వీడియోని కుదించే పద్ధతి, కోడెక్ అంటారు) 4:2:2 ని హాయిగా విప్పేస్తది. యాపిల్ ఎం1 కూడా అంతే. మరి ఇక్కడ మనోళ్ళు ఏం చేస్తారంటే వెయ్యో రెండు వేలో తగ్గుతుందని ఇంటెల్‌లో పేరు చివర ఎఫ్ అని ఉన్న ప్రాసెసర్ కొంటారు, ఆ ఎఫ్ అంటే లోపలి గ్రాఫిక్స్ లేదు అని అర్థం, అంటే క్విక్ సింక్ కూడా పోయినట్టే. గ్రాఫిక్స్ కార్డు ఎలాగూ ఉంది కదా అనుకుంటారు. రెండు వేలు మిగుల్చుకుని రోజూ రెండు గంటలు పోగొట్టుకోవడం ఇది.

ఇంకో మెలిక ఉంది, అదే సోనీలో రికార్డింగ్ ఫార్మాట్ ఎక్స్ఏవీసీ ఎస్ పెడితే హెచ్.264 అనే పాత కోడెక్ వస్తది, ఎక్స్ఏవీసీ హెచ్‌ఎస్ పెడితే హెచ్.265 వస్తది. హెచ్.265 అంటే బరువు అని భయపడి అందరూ ఎస్ పెట్టుకుంటారు, కానీ నేను పైన చెప్పిన క్విక్ సింక్ సాయం ఆ హెచ్.265 4:2:2 కే, కాబట్టి చాలా సిస్టమ్‌ల మీద బరువు అనుకున్నదే తేలిగ్గా నడుస్తది. కొనేముందు మీ కెమెరా మెమరీ కార్డులోంచి ఒక క్లిప్ తీసి మీడియాఇన్ఫో అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్‌లో పడేసి చూడండి, కోడెక్, బిట్ డెప్త్ (10 బిట్ లాంటిది), క్రోమా (4:2:2 లాంటిది) మూడూ అక్కడే కనిపిస్తాయి.

మరి గ్రాఫిక్స్ కార్డు దేనికి అంటారా, కలర్ గ్రేడింగ్, నాయిస్ రిడక్షన్, ఎఫెక్ట్‌లు, వీటికి. రిజాల్వ్‌లో నాయిస్ రిడక్షన్ వేసి చూడండి, అప్పుడు తెలుస్తది కార్డు విలువ. పనిని బట్టే కార్డు.

అపోహ: ప్రాక్సీలు పాత సిస్టమ్ ఉన్న పేదోళ్ళకి

ఇది వింటే నాకు నవ్వొస్తది. ప్రాక్సీ అంటే ఒరిజినల్ బదులు ఎడిటింగ్‌కి వాడే తేలికపాటి కాపీ. పెద్ద సినిమాలు కూడా తేలికపాటి ఫైళ్ళ మీదే కట్ అవుతాయి, చివర్లో ఒరిజినల్‌కి లింక్ చేస్తారు. తేలిక ఫైళ్ళ మీద కట్‌ని ఆఫ్‌లైన్, ఒరిజినల్‌తో ఫినిషింగ్‌ని ఆన్‌లైన్ అంటారు, ఫిల్మ్ రోజుల నుంచీ ఉన్న పద్ధతే.

"ప్రాక్సీ వేస్తే క్వాలిటీ పోతుంది కదన్నా" అని ఇంకో అనుమానం. ఎక్స్‌పోర్ట్ ఒరిజినల్ నుంచే వస్తది, ప్రాక్సీ మీ కళ్ళకి మాత్రమే. కెమెరా ఫైల్ చిన్నగా ఉండడానికి కారణం ఏంటంటే అది ప్రతి ఫ్రేమ్‌నీ పూర్తిగా దాచదు, ఒక ఫ్రేమ్ పూర్తిగా దాచి తర్వాతవాటిలో ఏం మారిందో అంతే రాసుకుంటది. మీరు టైంలైన్‌లో మధ్యలో ఎక్కడో క్లిక్ చేస్తే పాపం సిస్టమ్ వెనక్కి పోయి ఆ పూర్తి ఫ్రేమ్ పట్టుకుని అక్కడినుంచి లెక్క కట్టుకుంటూ రావాలి. ప్రాక్సీలకి వాడే ప్రోరెస్, డీఎన్‌ఎక్స్‌హెచ్‌ఆర్ లాంటి ఎడిటింగ్ కోడెక్‌లలో ప్రతి ఫ్రేమ్ దానికదే పూర్తి, అందుకే ఫైల్ పెద్దది, నడక తేలిక. 1080, 25 ఫ్రేమ్స్‌లో ప్రోరెస్ ప్రాక్సీ గంటకి 17 జీబీ. అదే పొరపాటున 4కె యూహెచ్‌డీలో ప్రోరెస్ 422 హెచ్‌క్యూ పెట్టారనుకోండి, గంటకి 332 జీబీ, డిస్క్ నిండిపోయాక నాకు ఫోన్ చేస్తారు. రాత్రి పడుకునేముందు ప్రాక్సీలు పెట్టి పడుకోవడం, పొద్దున టీ తాగి కట్ మొదలుపెట్టడం, ఇదే నా అలవాటు. ఆ కరీంనగర్ తమ్ముడికీ ఇదే చెప్పా, కొత్తగా రూపాయి ఖర్చు లేకుండా అదే పీసీ మీద మూడు కెమెరాల మల్టీక్యామ్ కొడుతున్నాడిప్పుడు.

అపోహ: 4కె అంటే ఎన్‌వీఎంఈ తప్పనిసరి

ఎన్‌వీఎంఈ అంటే మామూలు సాటా ఎస్ఎస్‌డీ కంటే చాలా వేగమైన ఎస్ఎస్‌డీ. నిజంగా అంత వేగం కావాలా, లెక్క చూద్దాం. కెమెరా 100 ఎంబీపీఎస్ అంటే అవి మెగాబిట్లు, 8 తో భాగిస్తే సెకనుకి 12.5 మెగాబైట్లు, గంటకి 45 జీబీ. మామూలు హార్డ్ డిస్క్ వరసగా చదివేటప్పుడు సెకనుకి 150 మెగాబైట్లు దాటి ఇస్తది. ఒక కెమెరాకి డిస్క్ అసలు అడ్డమే కాదు. బిట్లకీ బైట్లకీ తేడా తెలియక మనం ఎంత ఖర్చు పెట్టామో తలుచుకుంటే బాధేస్తది. అయితే మల్టీక్యామ్‌లో హార్డ్ డిస్క్ సూది మూడు చోట్లకి పరిగెత్తాలి, అక్కడ తడబడుతది, దానికి సాటా ఎస్ఎస్‌డీ చాలు. ఎన్‌వీఎంఈ ఒకటుంటే క్యాష్‌కి (సాఫ్ట్‌వేర్ తాత్కాలికంగా దాచుకునే ఫైళ్ళకి), ప్రాజెక్ట్ ఫైళ్ళకి వాడండి.

అపోహ: రెయిడ్ పెట్టుకున్నాం, ఇంక బ్యాకప్ ఎందుకు

దీని గురించి కొంచెం ఎక్కువే రాస్తా, ఎందుకంటే ఇది నాకు తగిలిన దెబ్బ.

రెయిడ్ అంటే కొన్ని డిస్కుల్ని కలిపి ఒకటిగా వాడడం. రెయిడ్ 5 లో ఒక డిస్క్ పోతే పని ఆగదు, నిజమే. కానీ మీరు తప్పు ఫోల్డర్ డిలీట్ చేస్తే అన్ని డిస్కుల్లోంచీ పోతది, ఫైళ్ళు లాక్ చేసి డబ్బులడిగే రాన్సమ్‌వేర్ వస్తే అన్నీ లాక్ అవుతాయి, దొంగ డబ్బా మొత్తం ఎత్తుకుపోతాడు. రెయిడ్ 0 అయితే ఇంకా దారుణం, రెండు డిస్కులుంటే వాటిలో ఏ ఒక్కటి పోయినా మొత్తం పోయినట్టే, స్పీడ్ కోసం దాన్లో పెళ్ళి ఒరిజినల్స్ పెట్టేవాళ్ళని చూస్తే చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తది. మూడు కాపీలు, రెండు రకాల డ్రైవ్‌లు, ఒకటి వేరే ఇంట్లో. నా మూడో కాపీ మా అత్తగారింట్లో బీరువాలో ఉంటది, ఆవిడ దాన్ని నగల పెట్టె పక్కనే పెట్టింది.

ఇక నా కథ. కొన్నేళ్ళ కింద ఒక పెళ్ళి, తెల్లవారుజామున ముహూర్తం. మెయిన్ కెమెరా కార్డు లాప్‌టాప్‌లోకి కాపీ చేశా, ఫైళ్ళ లెక్క సరిపోయింది, సైజ్ కూడా సరిపోయింది, మొదటి క్లిప్ ప్లే చేసి చూశా, బాగుంది. కార్డు ఫార్మాట్ చేసి అప్పగింతలకి మళ్ళీ కెమెరాలో వేశాం. రెండ్రోజుల తర్వాత ఎడిట్‌లో కూర్చుంటే జీలకర్ర బెల్లం దాకా బాగానే వచ్చి, సరిగ్గా తాళి కట్టే చోట మొత్తం ఆకుపచ్చ గళ్ళు. సన్నాయి వినిపిస్తుంది, బొమ్మ లేదు. కార్డ్ రీడర్ పాడైంది, కాపీ అయ్యేటప్పుడు డేటా చెడగొట్టింది, సైజ్ మాత్రం మారలేదు. రికవరీ పెడదామంటే ఆ కార్డు మీద అప్పగింతలు ఎక్కేశాయి. రెండో కెమెరా కుర్రాడు పక్కనుంచి తీసిన షాట్ ఉండబట్టి బతికిపోయా, అయినా పెళ్ళికూతురు నాన్నగారికి విషయం దాచకుండా చెప్పాల్సొచ్చింది, ఆయన ఏమీ అనలేదు, ఆ అనకపోవడమే ఇప్పటికీ గుర్తుంది.

అప్పట్నుంచి చెక్‌సమ్‌తో సరిచూసే కాపీ సాఫ్ట్‌వేర్ తప్ప వాడను. అది ఒరిజినల్‌నీ కాపీనీ చివరి బిట్ దాకా లెక్కగట్టి రెండూ ఒకటేనా అని చూస్తది. రిజాల్వ్ ఫ్రీ వెర్షన్‌లో కూడా క్లోన్ టూల్ అని మీడియా పేజీలో ఉంది, అదే పని చేస్తది. డెలివరీ అయ్యి, పార్టీ చూసి, సరే అనేదాకా కార్డులు ఫార్మాట్ చేయను. మా కుర్రాళ్ళు పిసినారి అనుకుంటారు కార్డులు ఇన్ని కొంటుంటే, ఫర్లేదు.

అపోహ: ఎక్స్‌పోర్ట్ బిట్‌రేట్ ఎంత పెంచితే యూట్యూబ్‌లో అంత క్లారిటీ

వాళ్ళు ఎలాగూ మళ్ళీ కుదించేస్తారు. 1080 మామూలు ఫ్రేమ్ రేట్‌కి 8, 4కె కి 35 నుంచి 45 ఎంబీపీఎస్ అని యూట్యూబే చెప్తుంది. దానికి రెట్టింపు ఇచ్చినా పర్లేదు కానీ 200 పెట్టి రాత్రంతా అప్‌లోడ్ చేయడం మీ ఇంటర్నెట్‌కి శిక్ష.

అపోహ: ఆడియో లాగ్ అవుతుందంటే సాఫ్ట్‌వేర్ పాడైంది

ఫోన్‌లో తీసిన ఇంటర్వ్యూనా? అయితే సాఫ్ట్‌వేర్ జోలికి పోకండి, మళ్ళీ ఇన్‌స్టాల్ చేయకండి. ఫోన్ వెలుతురు తగ్గితే ఫ్రేమ్ రేట్ తనకి తోచినట్టు తగ్గించుకుంటది, ఆడియో మాత్రం టైం ప్రకారం పోతది, గంట అయ్యేసరికి మనిషి పెదాలు ఒకటి అంటుంటే మాట ఇంకోటి వినిపిస్తది. హ్యాండ్‌బ్రేక్‌లో కాన్‌స్టెంట్ ఫ్రేమ్ రేట్ అని పెట్టి మార్చుకుని అప్పుడు టైంలైన్‌లో వేయండి. ఇంకా ముందే జాగ్రత్త పడాలంటే బ్లాక్‌మ్యాజిక్ కెమెరా యాప్ ఫ్రీగా ఉంది, దాన్లో ఫ్రేమ్ రేట్ ముందే ఖాయం చేసుకోండి. పనిలో పనిగా షటర్ 1/50 లేదా 1/100 మీద పెట్టండి, మన కరెంటు 50 హెర్ట్జ్, లేకపోతే ట్యూబ్‌లైట్ కింద బొమ్మ అల్లాడుతది.

అపోహ: ప్రీమియర్‌లో తెలుగు రాదు, అను ఫాంట్లే దిక్కు

శుభలేఖ టైటిల్‌లో 'శ్రీలక్ష్మి' అని కొడితే ఒత్తులన్నీ విడిపోయి అక్షరాలు ఎవరికి వారే నిలబడతాయి చూడండి, అది ఫాంట్ తప్పు కాదు. ప్రిఫరెన్సెస్‌లో గ్రాఫిక్స్ లోకి పోయి టెక్స్ట్ ఇంజిన్‌ని సౌత్ ఏషియన్ అండ్ మిడిల్ ఈస్టర్న్ అని మార్చి, ప్రాజెక్ట్ ఒకసారి మూసి తెరవండి. ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో టైప్ అనే చోట ఉంటది ఇదే సెట్టింగ్. తర్వాత సిలికానాంధ్ర వాళ్ళు ఇచ్చిన రామభద్ర, మల్లన్న, గిడుగు లాంటి యూనికోడ్ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం, వేసుకోండి. అను వాడితే తప్పని కాదు, కానీ అది ఫోన్లు వాడే యూనికోడ్ కాదు, కాబట్టి పార్టీ వాట్సాప్‌లో పంపిన పేర్లు కాపీ చేసి అతికించలేరు, మళ్ళీ చేత్తో కొట్టాలి, కొట్టేటప్పుడు మేనమామ పేరు తప్పు పడిందంటే ఆ కుటుంబం మొత్తం మీకు ఫోన్ చేస్తది.

అపోహ: యూపీఎస్ ఉంటే కరెంటు పోయినా పని ఆగదు

600 వీఏ యూపీఎస్ మీద గ్రాఫిక్స్ కార్డు ఉన్న పీసీ రెండర్‌లో ఉంటే కరెంటు పోగానే అది కీచుమని చచ్చిపోవచ్చు, అంత లోడు లాగలేదు. కనీసం మీ సిస్టమ్ లాగే వాట్లకి తగ్గ సైజ్ తీసుకోండి, అది కూడా పని చేసుకోడానికి కాదు, కంట్రోల్ ఎస్ కొట్టి షట్‌డౌన్ చేయడానికి. ఆటో సేవ్ ఐదు నిమిషాలకి పెట్టి, ఆ ఫోల్డర్‌ని ప్రాజెక్ట్ ఉన్న డ్రైవ్‌లో కాకుండా వేరే దాన్లో పెట్టండి. నాది ఇంకా పెన్‌డ్రైవ్‌లోకే పోతుంది, మార్చాలి మార్చాలి అనుకుంటూ రెండేళ్ళయింది.